దంతపు రాజు

“ఆ రాజూ రాణీ బొమ్మలు పోతే మా తేజ మీదకే వస్తుందేమోనండి అమ్మగారూ” అంది సూర్యావతి, ఇంకా ఏమీ పోకముందే.

దుర్గాదేవి పకపకా నవ్వింది. “మా ఇంట్లో వంటకి చేరినప్పట్నించీ ఏదో ఒకటి భయపడుతూనే ఉన్నావు. ఎవడెత్తుకుపోతాడే?”

దసరా బొమ్మల కొలువులో పై మెట్టు ఆ జతదే. జానెడు రాజు, జానెడు రాణి, ఒంటినిండా రంగులు. రాజోలు నుంచి వచ్చే ప్రతి పేరంటాలికీ దుర్గాదేవి వాటి గొప్ప చెప్పేది. “అసలు ఏనుగు దంతం. రెండొందల ఏళ్ళ నాటివి. మా మామగారి తాతగారివి!”

ఏటా వాటిని అటక మీంచి దించేది సూర్యావతి కొడుకు తేజ. ఈసారి రాజు బొమ్మను చేత్తో పట్టుకుని ఫోటో దిగి, ఫోన్లో స్టేటస్ కూడా పెట్టుకున్నాడు. వచ్చే నెల మస్కట్ ప్రయాణం. కేసులేవీ లేవని పోలీసులు కాగితం ఇస్తే విమానం ఎక్కడమే.

సూర్యావతికి అదీ భయమే. టీవీలో ఏం చూపించినా తన ఇంటికే వస్తుందనుకునే మనిషి. ఎక్కడో ఫోను పేలిందని విని, కొడుకు ఫోన్ని బిందెడు నీళ్ళలో ముంచేసిన తల్లి.

ఆఖరి రోజు ఆనవాయితీ ప్రకారం రాజునీ రాణినీ పడుకోబెట్టి పట్టుగుడ్డ కప్పారు. మర్నాడు సర్దుదామని గుడ్డ తీస్తే రాణి ఒక్కతే పడుకుని ఉంది.

దుర్గాదేవి తిన్నగా స్టేషన్‌కి వెళ్ళింది. తేజ పేరు చెప్పింది. పోయింది ఏనుగు దంతం బొమ్మ అని పట్టుబట్టి రాయించింది.

ఎస్సై యేసురత్నం తేజని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వచ్చేడు. పక్కన ఇంకొకాయన, అటవీశాఖ అధికారి నారాయణమూర్తి. పోయినదాని జత చూస్తే పోయినదేమిటో తెలుస్తుందన్నారు.

“బాగా చూడండి సార్. దాన్నిబట్టే కేసు గట్టిగా రాయాలి” అంది దుర్గాదేవి, రాణిని అందిస్తూ.

గుమ్మం పక్కన సూర్యావతి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవుడా, ప్లాస్టిక్కని తేలితే బాగుణ్ణు. కేసు చిన్నదవుతుంది. పిల్లాడి ప్రయాణం నిలబడుతుంది.

నారాయణమూర్తి బొమ్మను తిరగేసి, రంగు లేని అడుగుభాగం మీద భూతద్దం పెట్టాడు. “ఎముకైతే సూదితో పొడిచినట్టు నల్ల చుక్కలుంటాయి. ప్లాస్టిక్కయితే నున్నగా ఉంటుంది. ఇక్కడ చూడండి, సన్న గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టున్నాయి. అసలు ఏనుగు దంతమే.”

దుర్గాదేవి మొహం వెలిగిపోయింది.

“మరి వయసు సార్?”

“పైన వేసింది ఈమధ్య రంగు. చీర మడతల్లో పాత రంగు మిగిలి ఉంది. పగుళ్ళు నిలువునా పారి, లోపల పసుపు తిరిగింది. వందేళ్ళకి పైమాటే.”

“రెండొందలు వేసుకోండి సార్!”

ఆయన నవ్వలేదు. “పోయింది కూడా దంతమేనని నమ్మకమా? ఇలాంటి జతల్లో ఒకటి విరిగితే కర్రతో చేయించి, రంగేసి పక్కన పెట్టేసేవారు. కంటికి తేడా తెలీదు. నీళ్ళలో వేస్తే తెలుస్తుంది. దంతం రాయిలా మునుగుతుంది, కర్ర తేలుతుంది.”

“మా రాజు కర్రేంటండి!” దుర్గాదేవి గొంతు పెంచింది. “రాణి కంటే రాజే ఖరీదు!”

“సరేనమ్మా. వీటికి ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్ చూపించండి.”

“సర్టిఫికెట్టా?”

“ఏనుగు దంతం ఇంట్లో ఉంచుకోవాలంటే ఉండాలమ్మా. లేకపోతే జైలు. తాతలనాటిదైనా సరే. ఇప్పుడు చెప్పండి, ఈ బొమ్మ మీదేనా?”

దుర్గాదేవి రాణి వంక చూసింది, ఎస్సై వంక చూసింది.

“మాది కాదండి. కొలువుకొచ్చిన పేరంటాళ్ళెవరో పెట్టి మర్చిపోయారు.”

“మరి పోయిన రాజు?”

“ఏ రాజండి? మా ఇంట్లో ఏమీ పోలేదండి. పాపం, తేజ బంగారంలాంటి కుర్రాడండి.”

యేసురత్నం మీసం చాటున నవ్వుకుంటూ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టించుకున్నాడు. తేజ కాగితం రేపే ఇస్తానన్నాడు. నారాయణమూర్తి రాణిని గుడ్డలో చుట్టి, సొంతదారు లేని సొత్తుగా రాసుకుని తీసుకుపోయాడు.

తల్లీకొడుకులు కాలవ గట్టున ఇంటికి నడిచేరు. తేజకి నవ్వు ఆగడం లేదు.

“రెండొందల ఏళ్ళ రాణిని పేరంటాళ్ళు మర్చిపోయారంట! అది సరేగానీ అమ్మా, రాజుని ఎవరెత్తుకుపోయుంటారంటావు?”

లాకులు దాటేరు. కొబ్బరి తోట దాటేరు. ఇల్లు కనపడుతుండగా సూర్యావతి ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అప్పుడు చెప్పింది.

“ఏనుగు దంతం ఉంటే జైలని టీవీలో చెప్పేరురా. నువ్వేమో ఆ రాజుని పట్టుకుని ఫోటో దిగేవు. అందుకే నేనే పట్టుకొచ్చి ఈ కాలవలో పడేసేను. మునిగిపోద్దనుకున్నాను నాయనా, మునగలేదు… తేలుకుంటా పోయింది.”