లెక్క తప్పించిన తువ్వాలు

"నలభై ఒకటి... నలభై రెండు... అయ్యో!"

కికుయే లెక్క తప్పింది.

తప్పదా మరి! తోటలో లెక్కపెడుతూ నడుస్తున్న ఆమె వెనకాల వస్తున్న కొత్త పెద్దాయన మెడలోని తెల్ల తువ్వాలు తీసి గాల్లో గిరగిరా తిప్పుతున్నాడు. పూల మీద బుద్ధిగా వాలిన సీతాకోకచిలుకలన్నీ లేచి ఆయన చుట్టూ మూగాయి.

"ఏం పని పెద్దాయనా ఇది? లెక్కపెట్టినవీ పెట్టనివీ కలిసిపోయాయి!"

"తువ్వాలు తిప్పితే వస్తాయి కదమ్మా. ఇక్కడా వస్తాయో లేదోనని..."

"ఎందుకు రావు? కానీ లెక్క రోజున తిప్పకూడదు. ఇది మా ఊరి పూలతోట, మీ పెరడు కాదు!"

ఎర్ర తూనీగల లెక్క చూస్తున్న తత్సువో నవ్వాడు. "నా తూనీగలే నయం అక్కా, తువ్వాలుకి లొంగవు."

ఇంతలో ఒక సీతాకోక పెద్దాయన వేలి మీద వాలింది. దాని రెక్క మీద నల్ల సిరాతో 'కమినోహర' అని ఊరి పేరు. పొద్దున కికుయే రాసి వదిలినదే. ఆయన దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చదివి మురిసిపోయాడు.

"ముట్టుకోకండి! రెక్క నలిగితే సముద్రం ఎలా దాటుతుంది?"

"నిజమేనమ్మా."

దాన్ని మెల్లగా వదిలి, తల వంచి నమస్కరించి, ఆయన బస్సు కోసం కొండ దిగిపోయాడు.

"మరీ అంత కసరాలా అక్కా?"

"కసరనా? మన ఊరి పేరు మోసుకుని అవి కికాయ్ దీవి దాకా వెళ్తున్నాయి. అక్కణ్ణించి ఏటా ఎవరో మహానుభావుడు అవి చేరాయని ఫోన్ చేసి చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే ఈ తోట ఎప్పుడో కార్లు నిలిపే స్థలమయ్యేది. పేరైనా చెప్పడట. కనిపిస్తే తల నేలకానించి మొక్కుతాను."

ఆకులు రాలే రోజుల్లో ఊరి కార్యాలయంలో ఫోన్ మోగింది. గుమాస్తా టీకి వెళ్ళాడు. పనిమీద వచ్చిన కికుయే ఎత్తింది.

"కమినోహరేనా? మీ సీతాకోక వచ్చిందమ్మా. రెక్క చెక్కు చెదరలేదు."

కికుయే ఛాతీ గర్వంతో ఉప్పొంగింది. మా ఊరి సీతాకోక! సముద్రం దాటేసింది!

"అయ్యా, ఈసారైనా పేరు చెప్పండి. మా ఊరు మీకెంతో రుణపడి ఉంది."

"పేరెందుకులే తల్లీ. ఈసారి తువ్వాలు మా పెరట్లోనే తిప్పాను" అని నవ్వి, ఆయన ఫోన్ పెట్టేశాడు.