అమ్మవారికి ఫోను గిట్టదు

చిక్కవెంకటప్పతో అమ్మవారు నేరుగా మాట్లాడుతుందంట. పిల్లలు ఏ విషం మింగినా సరే, లోపలికి పోయి తలుపేసుకుంటాడంట, ఆ తల్లిని అడుగుతాడంట, ఆమె చెప్పింది బయటికొచ్చి చెప్తాడంట. గౌనిపల్లిలో ఈ సంగతి తెలియనివాళ్లు ఎవరైనా మిగిలితే, వాళ్ల గడప దాకా పోయి మరీ చెప్పి వచ్చేది పక్కింటి నరసమ్మ.

"గాలివాన రోజు మాత్రం పలకదంట జెసింతా. ఆ తల్లికి కోపమంట."

"గొడుగు లేదేమో పాపం," అంది జెసింతా, చేటలోని రాళ్లు ఏరుతూ.

జెసింతా చాంపియన్ రీఫ్స్ పిల్ల. బంగారు గని కూలీల లైన్ల ఇళ్లలో పుట్టి, అక్కడే కేజీఎఫ్‌లో బీకాం చదివి, ఈ ఊరికి కోడలుగా వచ్చింది. వచ్చి నాలుగేళ్లయినా ఊరు ఆమె కంటికి ఆనలేదు. చిక్కవెంకటప్ప అయితే కాలిగోటికి కూడా ఆనలేదు.

దానికి కారణముంది. ఆమె వచ్చిన కొత్తలో ఆ మనిషికి అమ్మవారు లేదు, కుంకుడుకాయ రసమే ఉండేది. కిరసనాయిలు తాగిన గోపాలప్ప కూతురికి ఆ రసం పట్టి కక్కించాడు. కక్కినదాంట్లో సగం ఊపిరితిత్తుల్లోకి పోయింది. పిల్ల పదకొండు రోజులు ఆస్పత్రిలో పడి ఉంది. బతికింది కాబట్టి ఊరు మరిచిపోయింది. ఆ తర్వాత నెలకే చిక్కవెంకటప్పకు అమ్మవారు పలకడం మొదలైంది. చేసిన వెధవపనికి ముసుగు కావాలంటే దేవతను మించింది ఏముంది, అనుకునేది జెసింతా.

బుధవారం పొద్దున పది గంటలకు ఆమె రెండేళ్ల కొడుకు ప్లగ్గులోంచి దోమల మందు సీసా ఊడబెరికి, మూతి చప్పరించాడు. నోరంతా కిరసనాయిలు వాసన.

జెసింతా టీకాల కార్డు తీసింది. పిల్లలు విషం మింగితే ఫోను చేయమని దాని వెనక ఒక నంబరు ఉంది. నొక్కింది. ఇటు తిరిగేసరికి అత్త ఎస్తరమ్మ పిల్లోణ్ని చంకనేసుకుని, సీసా పట్టుకుని వీధిలో పరుగు. ఆదివారం చర్చిలో ముందు బెంచీ వదలని మనిషి. విషమనేసరికి అమ్మవారి దారి పట్టింది.

చిక్కవెంకటప్ప అరుగు మీద తమలపాకులు నములుతున్నాడు. లేవలేదు.

"ఏం తాగినాడు? సీసా యాడ?"

"ఇదోప్పా," అంది ఎస్తరమ్మ.

"ఎంతసేపాయ?"

"పది నిమిషాలు కూడా కాలేదప్పా."

"బరువెంత?"

"పోయిన వారం అంగన్‌వాడీలో తూచినారు. పదకొండు కిలోలు."

"ఏం, మీ అమ్మవారు తక్కెడ పట్టుకుని కూచునుండాదా?" అంది రొప్పుతూ వచ్చిన జెసింతా. చెవి దగ్గర ఫోను మోగుతూనే ఉంది.

చిక్కవెంకటప్ప ఆ ఫోను చూశాడు. "అది ఆపమ్మా. అమ్మవారికి ఫోను గిట్టదు. యాడో బెంగళూరులో ఫ్యాను కింద కూచున్న ఆడమనిషికి, ఈడ బిడ్డ కడుపులో ఏముండాదో ఎట్ల తెలుస్తాది?"

ఎస్తరమ్మ కోడలి చేతిలోంచి ఫోను లాగి ఆపేసింది. అతను సీసా తీసుకుని లోపలికి పోయి గొళ్లెం పెట్టుకున్నాడు.

పిల్లోడు దగ్గాడు. మళ్లీ దగ్గాడు.

పాపన్న ఆటో వచ్చి ఆగింది. వచ్చే దారిలో జెసింతా కేకేసి రమ్మన్నదే. "పోదాం రండి అత్తా!"

"అమ్మవారు చెప్పనీ," అంది ఎస్తరమ్మ, మనవణ్ని ఇంకా గట్టిగా హత్తుకుని.

"నీకేమన్నా పిచ్చా? బిడ్డ దగ్గుతా ఉండాడు!"

"గమ్మునుండు జెసింతా," అంది నరసమ్మ. ఆమె ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. "నీ చదువు నీ కాడ పెట్టుకో. ఈ మూడేళ్లలో ఆయప్ప మాట ఒక్కటీ తప్పలేదు."

జెసింతా ఫోను లాక్కుని మళ్లీ ఆ నంబరే నొక్కింది. లైను ఖాళీ లేదు, వేచి ఉండమని రికార్డు గొంతు చెప్పింది. లోపలి నుంచి సన్నగా గొణుగుడు వినిపిస్తోంది. ఇదే మంత్రమైతే తను తుమ్మినా మంత్రమే, అనుకుంది.

గొణుగుడు ఆగింది. గొళ్లెం తీసిన చప్పుడు.

చిక్కవెంకటప్ప కళ్లు సగం మూసుకుని బయటికొచ్చాడు. ఆడవాళ్లు చేతులు జోడించారు. అతను తొందరపడలేదు. వేపమండతో పిల్లోడికి మూడుసార్లు దిగదుడిచాడు. నొసటన కుంకుమ పెట్టాడు. మొలకు పసుపుదారం కట్టాడు. ముడి మీద ముడి వేశాడు.

"కక్కించొద్దంది తల్లి," అన్నాడు చివరికి. "పాలు కూడా పట్టొద్దంది."

నరసమ్మ లెంపలు వేసుకుంది.

"కుంకుడుకాయల కరువొచ్చిందేమో మీ తల్లికి," అంది జెసింతా.

అతను వినిపించుకోలేదు. "ఇంగా చెప్పింది. చెప్తా ఆగు."

అప్పుడే ఫోనులో రికార్డు ఆగి, ఒక ఆడగొంతు పలికింది. జెసింతా స్పీకరు పెట్టింది. ఫోనును చిక్కవెంకటప్ప ముఖం ముందుకు చాపింది. అరుగంతా వినాలి. ఈ రోజుతో ఈ మనిషి బతుకు బయటపడాలి.

"వినండి అందరూ. తెలిసినోళ్లు ఏం చెప్తారో వినండి. మేడం, మాది గౌనిపల్లి. మా బాబుకి రెండేళ్లు, దోమల మందు..."

"పదకొండు కిలోల బాబే కదమ్మా, కక్కించకుండా సీసా పట్టుకుని వెంటనే శ్రీనివాసపురం ఆస్పత్రికి తీసుకుపొమ్మని మీ చిక్కవెంకటప్పగారికి ఇప్పుడే రెండుసార్లు చెప్పి పెట్టినాను, ఇంగా ఆడనే కూచునుండారా?"