మహారాణి ముక్కు

నడీన్‌కి ఒక సవతి ఉంది, కాగితం మీద. ఆమె మొగుడు వెండెల్ ఇరవై ఏళ్ళుగా సొంతంగా అచ్చు వేసుకుంటున్న కామిక్స్‌లో, బాతుల సైన్యంతో రాక్షసుల మీదికి దండెత్తే మహారాణి ఆవిడ.

వెండెల్ పెన్సిల్‌తో బొమ్మ గీస్తాడు. దాని మీద సిరాతో దిద్దేది నడీన్. సవతి జుట్టు తనే దిద్దాలి, సవతి నడుమూ తనే దిద్దాలి. ఒళ్ళు మండి, సంచిక సంచికకీ ఆవిడ ముక్కును కాస్త కాస్త లావు చేస్తూ వచ్చింది. మొగుడు కిక్కురుమనలేదు.

ఈసారి కొలంబస్ ఊళ్ళో జరిగిన కామిక్స్ మేళాలో వాళ్ళ బల్ల దగ్గరకు ఒక అమ్మాయి అట్టముక్క కిరీటం, లావుపాటి మైనపు ముక్కు పెట్టుకుని వచ్చింది.

"మొదట్లో మహారాణి ఉత్త బొమ్మండీ. ఈ ముక్కు వచ్చాకే మనిషైంది. నాకు ఈవిడంటే ప్రాణం!" అంది వెండెల్‌తో.

"నీకూనా? తీసుకెళ్ళి నెత్తిన పెట్టుకో," అని గొణిగింది నడీన్.

అమ్మాయి తిరిగి ఆమెను చూసింది. పుస్తకం అట్ట మీది మహారాణిని చూసింది. మళ్ళీ ఆమెను చూసి, వెండెల్ ముందున్న పుస్తకం లాగి ఆమె ముందు పెట్టింది.

"సంతకం మీరే పెట్టాలి, మహారాణీ!"

నడీన్ చెయ్యి తన ముక్కు మీదికి పోయింది. మొగుడి వైపు గిర్రున తిరిగింది.

"నీకు తెలుసా?"

"నేనెవర్ని గీసినా నువ్వు నిన్నే దిద్దుతున్నావు," అన్నాడు వెండెల్, డోనట్ నములుతూ. "చెబితే మానేస్తావని నోరు మూసుకున్నా."