నిద్ర నటించిన కుర్రాడు

“ఇందులోంచి నన్ను తీసేయడం కుదురుతుందా నాయనా?”

గోడ మీంచి ఫొటోలు దించుతున్న ఫొటోగ్రాఫరు వెనక్కి తిరిగాడు. ప్రదర్శన ముగిసి హాలు ఖాళీ అయింది. బస్సు ఫొటో ముందు ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఫొటోలోనూ ఆవిడే. అప్పటికి సగం నెరిసిన జుట్టు ఇప్పుడు ముగ్గుబుట్టయింది.

“అమ్మా, మీరా! మీకోసం ఎంత వెతికానో! నాకు అన్నం పెట్టిన ఫొటో ఇది.”

అందులో అబద్ధం లేదు. అంతకుముందు పెళ్లి ఫొటోలతో పొట్టపోసుకునేవాడు. ఓ మధ్యాహ్నం కిక్కిరిసిన బస్సులో ఈ దృశ్యం కంటబడింది. మండుటెండలో మఫ్లరు చుట్టి, ఒళ్లో ఉద్యోగం కాగితాల కవరేదో పెట్టుకుని, సీట్లో కళ్లు మూసుకున్న కుర్రాడు. పక్కనే బరువు సంచీతో, అతని తల వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఈ పెద్దావిడ. చీకటిగదిలో ఎర్రదీపం కింద, మందునీళ్ల తొట్టెలో ఆ ముఖాలు మెల్లగా తేలుతుంటే ఒళ్లు ఝల్లుమంది. ఆ మందు వాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

తర్వాత లోకం తీరును ఎండగట్టే ఫొటోలు ఎన్నో తీశాడు. విందుల్లో పారబోసిన అన్నం, ప్రమాదం చుట్టూ ఫోన్లెత్తిన జనం. ఇంత పేరు మాత్రం మరే ఫొటోకీ రాలేదు.

ముసలావిడ ఫొటో కింది అక్షరాలను వేలు పెట్టి కూడబలుక్కుంది. “నిద్ర... న...ట...న. అప్పట్లో పేపర్లో చూశా. అప్పటికింకా చదువు రాదుగా, మంచిమాటే రాశారనుకున్నా.”

“ఉన్నమాటే రాశానమ్మా. మీరలా నిలబడితే వాడు కన్నైనా తెరవలేదు.”

“తెరవలేదు. ఆసుపత్రి నుంచి వచ్చే బస్సది.”

“అయ్యో, ఒంట్లో బాగాలేని మనిషినా నిలబెట్టాడు! ఇంట్లో ఎవరూ బుద్ధి చెప్పలేదు కాబోలు.”

“మంచివాడే.”

“మీ మనసు వెన్నమ్మా. సరే, వాణ్ణి తీసేసి, మీ ఒక్కరి ఫొటో పెద్దది చేసిస్తా.”

“నా మాట నీ చెవికెక్కట్లేదు నాయనా. నన్ను తీసేయ్. అతన్ని ఉంచు.”

ఫొటోగ్రాఫరు తెల్లబోయాడు. “మీరు లేకపోతే ఇందులో ఏముంటుందమ్మా? ఎవడో నిద్రపోతున్నట్టుంటుంది.”

“నాకదే కావాలి. గోడకు పెట్టుకుంటా.”

“గోడకా? పొద్దున్నే లేచి వాణ్ణి నాలుగు తిట్టుకోవడానికా?” నవ్వాడతను.

ఆవిడ నవ్వలేదు. శాలువా అంచుతో అద్దం మీది దుమ్మును, ఆ కుర్రాడి ముఖం ఉన్నంత మేరా, మెల్లగా తుడిచింది.

“మా అబ్బాయిది ఇంకో ఫొటో లేదు నాయనా.”