గంట మోగే టైపు మిషను

నరసరావుపేటలో టైపు మిషన్లు బాగుచేసే పీర్ సాహెబ్, ఓ ఇంటి అరుగు మీద సంచీ విప్పాడు.

"కొత్త మీటలమ్మాయ్. శుభలేఖలకి పువ్వు కావాలా? నీకు భక్తెక్కువ, ఓం కూడా ఉంది."

ఇంట్లోనే కోర్టు కాగితాలు టైపు చేసే కోటేశ్వరి తల అడ్డంగా ఊపింది. "దేవుణ్ణి చేత్తో రాసుకుంటాలే బాబాయ్. వరస చివర మోగే గంట ఉందే, అది కాలితో తొక్కితే మోగాల."

"టైపు కొట్టకుండానా?"

"నవల చదువుకోవాల. గంట ఆగితే చాలు, 'ఏమే, ఏం చేస్తన్నావ్' అని మా అత్త పెరట్లోంచి కేక. పేజీ తిప్పనియ్యదు."

పీర్ సాహెబ్ నవ్వాపుకుంటూ తీగె, తొక్కుడు చెక్క బిగించి, నాలుగైదుసార్లు తొక్కి గంట మోగించి చూశాడు.

"ఇందాక మీ అత్త కూడా సందులో ఆపి అడిగింది. గంట ఇంకా గట్టిగా మోగాలంట. మోగినంతసేపు నువ్వు లేచిరావని ధైర్యమంట. డాక్టరు వద్దన్నాడని నువ్వు మాన్పించిన చుట్ట, అప్పుడే తాగుద్దంట."

కోటేశ్వరి పెరటి వైపు చూసింది. దడి మీదుగా పొగ లేస్తోంది, నడుమ నడుమ అత్త దగ్గు.

"ఆ దగ్గు నాకు వినపడకూడదు బాబాయ్" అని నవల తెరిచి, చెక్కని గట్టిగా తొక్కింది.