గోడవైపు

సముద్రంలో పని లేని వారాల్లో కార్మికులను మత్తులో ఉంచడం ఇప్పుడు అన్ని కంపెనీల్లోనూ మామూలే. తిండీ, చోటూ మిగులుతాయట. మా పెళ్ళయి నెలరోజులు. మా ఆయన ధీరజ్‌ని ఆదివారం ఒక్కరోజు లేపి ఇంటికి పంపుతారు, అదీ ముందురోజు సాయంత్రానికి ఆయన ఒంట్లో ఆక్సిజన్ తొంభై అయిదుకు చేరితేనే.

రోజూ కంపెనీ వార్డుకు వెళ్ళి ఆయన్ని పక్కకు తిప్పడం నా పని. తిప్పాక ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతాను. కుండీలో మెంతులు మొలిచాయని చెప్పినప్పుడు ఆయన నవ్వినట్టే అనిపించింది. నవ్వింది నేనొక్కదాన్నే.

ఈ శనివారం అంకె తొంభై ఒకటి దగ్గరే ఆగిపోయింది.

"ఏటమ్మా, వారమంతా ఎడం పక్కకే తిప్పావా?" అంది నర్సు దానమ్మ.

"అటయితేనే మొహం కనబడుతుందండీ. ఇటు తిప్పితే గోడవైపు ఉంటారు."

"బాగుంది సంబడం! మత్తులో కిందున్న ఊపిరితిత్తి ముడుసుకుపోద్ది. రత్తమేమో కిందకే పోద్ది. గాలి లేనికాడికి రత్తమెల్లి ఏటి లాభం? గోడకేసి తిప్పు, ముడుసుకున్నది పైకొచ్చి తెరుసుకుంటాది."

తిప్పాను. ఆ సాయంత్రమంతా ఆయన వీపుతోనే మాట్లాడాను. అంకె తొంభై రెండయింది, మూడయింది. తొంభై అయిదు కాగానే చప్పట్లు కొట్టాను. గదిలో అవి నాకే వినిపించాయి.

అప్పుడు చూశాను, ఆయన చెవి వెనక చిన్న పుట్టుమచ్చ. ఆయనకూ తెలిసి ఉండదు. రేపు లేవగానే ముందు అదే చెప్పాలి.