చిల్లు బలిసిన గారెలు

ఎలుగుబంటి గారెలు వండితే అడవంతా చొంగ కార్చేది. వాటిని ఇంటింటికీ చేరవేసేది కాకి. దారిలో ప్రతి గారెనీ మధ్యలో ఒక్కసారి పొడుచుకు తినేది. గారెకి ఎలాగూ చిల్లుంటుంది కనక ఎవరూ కనిపెట్టలేదు.

ఒకరోజు కాకి పొయ్యి దగ్గర వాలింది. "ఎలుగక్కా, ఇకమీదట మినప్పప్పు కూడా నేనే తెచ్చిపడేస్తా. ఆ ఉడత వాగుడు భరించే బాధ నీకెందుకు?"

ఉడత రోజూ పప్పు తెచ్చి, అడవి కబుర్లన్నీ చెప్పిగానీ కదిలేది కాదు. ఎలుగు సంబరపడిపోయి దాన్ని ఇక రావద్దంది. అది అలిగి ఏటి అవతలికి కాపురం మార్చేసింది.

ఇక కాకి వచ్చేటప్పుడు పప్పులో పొడిచింది, వెళ్లేటప్పుడు గారెలో పొడిచింది. గారెలు చిక్కిపోయాయి, చిల్లు మాత్రం బలిసింది.

"గారె అడిగితే చిల్లు పంపావని కుందేలు నిన్ను బూతులు తిడుతోందక్కా." ఆ తిట్లు మోసుకొచ్చింది కూడా కాకే.

ఎలుగుకి ఒళ్లు మండింది. "నీ పప్పు దిగినప్పట్నించే ఈ దరిద్రం! నాకు నా ఉడతే కావాలి!" అని అరిచింది. అరిచాక గుర్తొచ్చింది, ఉడత ఇప్పుడెక్కడుంటోందో తనకి తెలీదని.

"అదెంత భాగ్యం! కబురు చెప్పు, నేనే చేరవేస్తా," అంది కాకి.

వేరే దారిలేక ఎలుగు చెప్పింది. "అడిగానని చెప్పు. తప్పు నాదే, వెంటనే రమ్మను. పిల్లలకి ముద్దులు."

కాకి ఏరు దాటి ఉడత ముందు వాలింది.

"ఎలుగక్క అడిగానని చెప్పమంది. పిల్లలకి ముద్దులట."

మధ్యలోది, ఎప్పట్లాగే, దారిలో తినేసింది.